మన రాష్ట్రానికి రాజ్యాంగం ఉందా? రాష్ట్రాల రాజ్యాంగాలు, ప్రభుత్వాల అధ్యయనంపై తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో పొలిటికల్ సైన్స్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. డిగ్రీ పిల్లలు, గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యేవాళ్లు, పీహెచ్‌డీకి టాపిక్ దొరక్క తిరిగేవాళ్లు అడిగే ప్రశ్నలను ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను. మళ్లీ మళ్లీ వచ్చినవి ఇక్కడ పెడుతున్నాను. కొన్నిటికి జవాబు పెద్దది, కొన్నిటికి రెండు ముక్కలు చాలు.

ఈ సబ్జెక్టు అసలు దేని గురించి సార్? పాలిటీ చదివితే సరిపోదా?

పాలిటీ పుస్తకంలో రాష్ట్ర ప్రభుత్వం అనే చాప్టర్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. రాష్ట్రపతి ఉన్నచోట గవర్నర్, ప్రధాని ఉన్నచోట ముఖ్యమంత్రి, లోక్‌సభ ఉన్నచోట శాసనసభ. పేర్లు మార్చి మళ్లీ అదే పాఠం. అందుకే పిల్లలు కేంద్రం చాప్టర్ గట్టిగా చదివి, రాష్ట్రం చాప్టర్ తిరగేసి వదిలేస్తారు.

ఆ వదిలేసిన చాప్టర్ దగ్గరే ఈ సబ్జెక్టు మొదలవుతుంది. సమాఖ్య దేశాల్లో ఒక రాష్ట్రం ఏ కాగితం మీద నిలబడి ఉంది, ఆ కాగితం ఎవరు రాశారు, ఎవరు మార్చగలరు, ఒకే దేశంలో పక్కపక్క రాష్ట్రాలు వేర్వేరుగా ఎందుకు నడుస్తాయి అన్నవి దీని ప్రశ్నలు. లా చదివినవాళ్లు, పొలిటికల్ సైన్స్ వాళ్లు, చరిత్ర వాళ్లు ముగ్గురూ ఇందులో పనిచేస్తారు, ముగ్గురూ ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు.

తెలంగాణకు సొంత రాజ్యాంగం ఉందా?

అడగ్గానే క్లాసంతా లేదంటుంది. పరీక్షలో అదే రాయండి, మార్కు వస్తుంది. రాజ్యాంగం అని పేరున్న పుస్తకం మన రాష్ట్రానికి లేదు. భారత రాజ్యాంగం ఆరో భాగంలో, 152 నుంచి 237 దాకా ఉన్న అధికరణల్లోనే రాష్ట్రాలన్నిటి స్వరూపం రాసేశారు.

అయితే రాష్ట్రం ఎలా నడవాలో చెప్పే రాతలన్నీ రాజ్యాంగమే అనుకుంటే, మనది నాలుగైదు చోట్ల చెల్లాచెదురుగా పడి ఉంది. ఆరో భాగం ఒక ముక్క. ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికుల సంగతి చెప్పే 371-డి అధికరణ ఇంకో ముక్క. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం ఒకటి, ఉద్యోగాల జోన్ల మీద వచ్చిన 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి, గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే ఐదో షెడ్యూలు, దాని కింద మన ఏజెన్సీ ఊళ్ల పేర్లు ప్రకటించిన 1950 ఉత్తర్వు ఒకటి. శాసనసభ కార్యవిధాన నియమాలు, సచివాలయం బిజినెస్ రూల్స్ కూడా ఇందులోకే వస్తాయి.

ఒకసారి ఇవన్నీ సుబేదారిలో జిరాక్స్ తీయించి ఒకే కట్టగా బైండింగ్‌కు ఇచ్చాను. సాయంత్రం వెళ్తే షాపు అబ్బాయి కట్ట చేతిలో పట్టుకుని, "సార్, అట్ట మీద ఏం పేరు రాయమంటారు?" అన్నాడు. నాకూ వెంటనే తోచలేదు. చివరికి 'తెలంగాణ' అని మాత్రం రాయమన్నాను. ఆ కట్ట ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంటుంది. కింద చెప్పబోయేదంతా దాదాపు అందులోనిదే.

అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ రాజ్యాంగం ఉందట. దేశానికి ఒకటి ఉండగా మళ్లీ ఎందుకు?

అక్కడ రాష్ట్రాలే ముందు పుట్టాయి. మసాచుసెట్స్ రాజ్యాంగం 1780 నాటిది, ప్రధానంగా జాన్ ఆడమ్స్ రాసింది. దేశ రాజ్యాంగం రాసుకున్నది 1787లో. ఆ 1780 పత్రం సవరణలతో ఇప్పటికీ అమల్లో ఉంది. ఇప్పుడు 50 రాష్ట్రాలకు 50 రాజ్యాంగాలు.

అన్నీ గొప్పవని అనుకోవద్దు. దేశ రాజ్యాంగానికి ఇన్నేళ్లలో 27 సవరణలు జరిగితే, అలబామా 1901 రాజ్యాంగానికి 900 పైచిలుకు జరిగాయి. నల్లవాళ్ల ఓటు లాక్కునే ఉద్దేశంతో రాసిన పత్రం అది. కౌంటీల చేతుల్లో అధికారం లేకుండా కట్టేసింది కాబట్టి ఒక కౌంటీలో చిన్న పని జరగాలన్నా రాజ్యాంగ సవరణ పెట్టాల్సి వచ్చేది. ఊరి చెరువు కట్ట బాగుచేయడానికి పార్లమెంటుకు వెళ్లినట్టన్నమాట. 2022లో ఓటర్లు జాతి వివక్ష భాషను తొలగించి సర్దిన ప్రతిని ఆమోదించారు. లూసియానా అయితే ఇప్పటికి 11 రాజ్యాంగాలు మార్చింది.

వాటి విలువ తెలియాలంటే నేను క్లాసులో టెక్సాస్ కథ చెబుతాను. శాన్ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్ అనే పేద స్కూల్ డిస్ట్రిక్ట్ ఉంది. అక్కడ స్కూళ్లకు డబ్బు చాలావరకు స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది. ఇళ్ల ధర తక్కువున్న పేటలో స్కూలుకూ తక్కువే. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో వాళ్ల కేసు కొట్టేసింది, దేశ రాజ్యాంగంలో చదువు ప్రాథమిక హక్కుగా లేదని. అంతటితో అయిపోవాలి. కానీ టెక్సాస్ రాజ్యాంగంలో ప్రభుత్వ బడుల గురించి రాసి ఉంది. అదే ఎడ్జ్‌వుడ్ ఆ పత్రం పట్టుకుని రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1989లో గెలిచింది. ఆ రెండు తీర్పుల మధ్య, 1977లో, అమెరికా సుప్రీంకోర్టు జడ్జిగా ఉన్న విలియం బ్రెన్నన్ ఒక వ్యాసం రాశారు. దేశ రాజ్యాంగం దగ్గరే ఆగిపోవద్దు, హక్కుల కోసం రాష్ట్ర రాజ్యాంగాలనూ చూడండని అందులో లాయర్లకు, జడ్జీలకు చెప్పారు. అక్కడ ఈ సబ్జెక్టుకు ఊపు వచ్చింది ఆ తర్వాతే.

మిగతా దేశాల్లో ఎలా ఉంది?

ఒక్కోచోట ఒక్కో తీరు. జర్మనీలో 16 రాష్ట్రాలకూ రాజ్యాంగాలున్నాయి. హెస్సె రాష్ట్రానిది 1946 నాటిది, దేశపు మూల చట్టం (అక్కడ దేశ రాజ్యాంగానికి అదే పేరు) కంటే మూడేళ్లు పెద్దది. అందులో మరణశిక్ష ఉండేది. 1949లో దేశం మొత్తం మీద మరణశిక్ష రద్దయింది, కేంద్ర చట్టం ముందు రాష్ట్ర చట్టం చెల్లదు కాబట్టి ఆ వాక్యం పనికిరాకుండా పోయింది. కానీ కాగితం మీద మాత్రం అలాగే ఉండిపోయింది, 2018లో ప్రజల ఓటుతో తీసేసేదాకా. డెబ్బై ఏళ్లు చచ్చిన వాక్యం.

స్విట్జర్లాండ్‌లో 26 కాంటన్లకు ఎవరి రాజ్యాంగం వాళ్లది, అయితే కేంద్ర పార్లమెంటు ఆమోదం ఉండాలి. అక్కడ ఆడవాళ్లకు దేశ స్థాయిలో ఓటు హక్కు 1971లో వచ్చింది. ఆపెంజెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న కాంటన్‌లో మగవాళ్లు మైదానంలో చేతులెత్తి ఓటేసే పద్ధతి. ఆడవాళ్లకు ఓటు వద్దని వాళ్లు చేతులెత్తుతూనే ఉన్నారు. చివరికి 1990లో దేశ అత్యున్నత కోర్టు చెప్పాల్సి వచ్చింది. స్థానిక స్వయంపాలన అంటే అన్నివేళలా మంచిదే అనుకునేవాళ్లకు నేను ఈ ఉదాహరణ చెబుతాను.

దక్షిణాఫ్రికాలో తొమ్మిది రాష్ట్రాలకూ రాజ్యాంగం రాసుకునే అవకాశం ఇచ్చారు. క్వాజులు-నటాల్ రాసుకున్నది 1996లో రాజ్యాంగ న్యాయస్థానం తిప్పికొట్టింది. వెస్టర్న్ కేప్‌ది నిలబడింది. మిగతా వాళ్లు ఆ జోలికి పోలేదు. నైజీరియాలో 36 రాష్ట్రాలున్నా మనలాగే అందరికీ ఒక్కటే పుస్తకం.

మన దేశంలో ఏ రాష్ట్రానికీ ఎప్పుడూ సొంత రాజ్యాంగం లేదా?

జమ్మూకశ్మీర్‌కు ఉండేది. 1956 నవంబర్ 17న ఆమోదించుకున్నారు, 1957 జనవరి 26 నుంచి అమలైంది. 2019 ఆగస్టులో దాని కథ ముగిసింది, 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ ముగింపును సమర్థించింది. ఇది అందరికీ తెలిసిందే.

చాలామందికి తెలియనిది సంస్థానాల సంగతి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సంస్థానాలు తమ రాజ్యాంగాలు తామే రాసుకుంటాయన్న ఆలోచన నడిచింది. మైసూరు, సౌరాష్ట్ర, తిరువాన్కూరు-కొచ్చి అందుకు సభలు కూడా పెట్టుకున్నాయి. రాజ్యాంగ సభ సలహాదారు బి.ఎన్. రావు నాయకత్వంలో ఒక కమిటీ నమూనా రాజ్యాంగం కూడా తయారుచేసింది. 1949 మే నెలలో వేరే పుస్తకాలు అక్కర్లేదు, భారత రాజ్యాంగంలోనే అందరినీ చేర్చుదామని తేల్చుకున్నారు. మన హైదరాబాద్ విషయానికొస్తే, 1949 నవంబర్ 23న నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చి భారత రాజ్యాంగాన్నే హైదరాబాద్ రాజ్యాంగంగా ఒప్పుకున్నారు. మూడు రోజుల తర్వాత, నవంబర్ 26న, ఢిల్లీలో రాజ్యాంగం ఆమోదం పొందింది. ఆ తర్వాత హైదరాబాద్ పార్ట్-బి రాష్ట్రమైంది (పాత సంస్థానాలకు రాజ్యాంగం పెట్టిన తరగతి అది), నిజాం గవర్నర్ స్థానంలో రాజప్రముఖ్ అయ్యారు, 1956 దాకా.

అంటే వరంగల్‌లో 1949లో బతికిన మనిషికి రాష్ట్ర రాజ్యాంగం అన్నది చేతికందేంత దూరంలో ఉండి జారిపోయింది. అప్పుడు దాని గురించి ఇక్కడ ఎవరైనా దిగులుపడ్డారా అంటే, రజాకార్ల రోజులు చూసి బయటపడిన జనానికి అంత తీరిక ఎక్కడిది.

బోనఫైడ్ కోసం తిరగలేక చస్తున్నాం. దానికీ రాజ్యాంగానికీ ఏం సంబంధం?

చాలా ఉంది. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారో చూపించే ఆ కాగితం 371-డి అధికరణకు చివరి కొస.

నా దగ్గర చదివిన ఒకమ్మాయి సంగతి చెబుతాను. వాళ్ల నాన్న సింగరేణి కార్మికుడు. మూడో తరగతి దాకా బెల్లంపల్లిలో, నాలుగు నుంచి ఏడు దాకా భూపాలపల్లిలో చదివింది. బెల్లంపల్లిలో చదివిన ప్రైవేటు బడి ఎప్పుడో మూతపడింది. రికార్డులు ఎంఈఓ ఆఫీసులో ఉన్నాయన్నారు, అక్కడికి పోతే బీరువా తాళం ఎవరి దగ్గరుందో తెలియదన్నారు. మూడుసార్లు తిరిగింది. చివరికి దొరికిన అడ్మిషన్ రిజిస్టర్‌లో ఇంటిపేరు తప్పు. ఆ టెన్షన్‌లో నాకు ఫోన్ చేసి, "సార్, నేను అసలు ఏ ఊరిదాన్ని?" అంది. జోనల్ పోస్టుకైతే ఇబ్బంది లేదు, బెల్లంపల్లి ఉన్న మంచిర్యాల, భూపాలపల్లి రెండూ కాళేశ్వరం జోన్‌లోనే ఉన్నాయి. జిల్లా పోస్టుకు మాత్రం లెక్క మారుతుంది. ఏడేళ్లలో నాలుగేళ్లు భూపాలపల్లి కాబట్టి ఆమె అక్కడి లోకల్.

ఇప్పుడు వెనక కథ. పుట్టిన చోటును బట్టి, నివాసాన్ని బట్టి ప్రభుత్వ ఉద్యోగంలో తేడా చూపకూడదని 16వ అధికరణ చెబుతుంది. నివాస నిబంధన పెట్టాలంటే పార్లమెంటు ఒక్కదానికే అధికారం. నిజాం 1919లో ముల్కీ నిబంధనలు తెచ్చాడు, 15 ఏళ్లు ఇక్కడ ఉన్నవాళ్లకే కొలువులని. 1952లో అవి సరిగా అమలు కావడం లేదని మొదలైన ముల్కీ ఆందోళన వరంగల్‌లోనే రాజుకుంది. తర్వాత 1957లో పార్లమెంటు చేసిన చట్టాన్ని 1969లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 1972లో అదే కోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది, దాంతో అటువైపు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో ఆరు సూత్రాల పథకం, దాని వెంట రాజ్యాంగంలో 371-డి, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు. రాష్ట్రం విడిపోయాక 2018లో కొత్త ఉత్తర్వు వచ్చింది. ఏడు జోన్లు, రెండు మల్టీ జోన్లు, నేరుగా భర్తీచేసే పోస్టుల్లో 95 శాతం స్థానికులకు. పాత ఉత్తర్వులో పదో తరగతికి ముందటి చదువు చూసేవారు, కొత్తదాంట్లో ఏడో తరగతి దాకా.

టీచర్లు ఇప్పటికీ వాపోయే 317 జీఓ కూడా ఈ 2018 ఉత్తర్వు ప్రకారం ఉద్యోగులను సర్దడానికి 2021 డిసెంబర్‌లో వచ్చిందే. ఇంత దగ్గరగా మన ఇంట్లోకి వచ్చే రాజ్యాంగ అధికరణ ఇంకోటి నాకు కనబడదు. గొప్ప గొప్ప పుస్తకాల్లో దీనికి ఒక పేరా కూడా ఇవ్వరు.

పునర్వ్యవస్థీకరణ చట్టంలో మన వైపుకు ఏమున్నాయి?

ముందు ఒక మాట. చట్టం చదివేటప్పుడు పేర్ల కంటే క్రియాపదాల కింద గీత గీయండి.

సెక్షన్ 93 ప్రకారం పదమూడో షెడ్యూలులో రాసిన పనులకు కేంద్రం పదేళ్లలో చర్యలు తీసుకోవాలి. షెడ్యూలు తీసి చూడండి. గిరిజన విశ్వవిద్యాలయం దగ్గర 'స్థాపించాలి' అని ఉంది. కోచ్ ఫ్యాక్టరీ దగ్గర రైల్వే ఆరు నెలల్లో 'సాధ్యాసాధ్యాలు పరిశీలించాలి', త్వరగా నిర్ణయం తీసుకోవాలి అని ఉంది. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ దగ్గర కూడా సెయిల్ 'పరిశీలించాలి' అనే. ఎన్టీపీసీ దగ్గర 4,000 మెగావాట్ల కేంద్రం 'స్థాపించాలి', కాకపోతే బొగ్గు కేటాయింపులు కుదిరాక.

ఏం జరిగిందో చూడండి. సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబర్‌లో చట్టం వచ్చింది, ములుగులో. తొమ్మిదేళ్లు దాటాయి, అయినా వచ్చింది. రామగుండంలో ఎన్టీపీసీ తొలి విడత 1,600 మెగావాట్లు 2023, 2024ల్లో అందుబాటులోకి వచ్చాయి. 'పరిశీలించాలి' అన్నవాటిలో బయ్యారం ఉక్కు ఇప్పటికీ సభల్లో మాటగానే ఉంది. కాజీపేటలో కోచ్ ఫ్యాక్టరీ కోసం ఏళ్ల తరబడి ధర్నాలు జరిగాక, 2023 జులైలో రైల్వే వ్యాగన్ల తయారీ యూనిట్‌కు శంకుస్థాపన అయింది. పరిశీలించడం అంటే పరిశీలించి సాధ్యం కాదనడం కూడా అని ఆ రోజు బిల్లు మీద ఓటేసిన వాళ్లకు తెలియదని నేననుకోను.

అదే చట్టం 26వ సెక్షన్‌లో తెలంగాణ అసెంబ్లీ సీట్లు 119 నుంచి 153కు పెంచాలని ఉంది. అందులోనే '170వ అధికరణకు లోబడి' అనే మాట కూడా ఉంది. ఆ చిన్న మాట దగ్గరే అది ఆగిపోయింది. 2026 తర్వాతి మొదటి జనాభా లెక్కలు వచ్చేదాకా సీట్ల సంఖ్య కదలకూడదని 170 చెబుతుంది.

అసెంబ్లీ బిల్లును తిరస్కరించినా తెలంగాణ ఎలా వచ్చింది?

మూడో అధికరణ వల్ల. కొత్త రాష్ట్రం చేయాలంటే పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు. రాష్ట్రపతి ఆ బిల్లును రాష్ట్ర శాసనసభకు పంపేది 'అభిప్రాయం చెప్పడానికి' మాత్రమే. ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడక్కర్లేదని సుప్రీంకోర్టు బొంబాయి రాష్ట్రం విషయంలోనే తేల్చేసింది. 2014 జనవరి 30న ఉమ్మడి అసెంబ్లీ వద్దంది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఔనన్నాయి. మార్చి 1న రాష్ట్రపతి సంతకం, జూన్ 2న రాష్ట్రం.

అమెరికాలో అయితే ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రం తీయాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకుని తీరాలి. అంతర్యుద్ధం మధ్యలో 1863లో వెస్ట్ వర్జీనియా ఏర్పడినప్పుడు కూడా, కేంద్రం పక్షాన నిలిచిన వేరే వర్జీనియా ప్రభుత్వం ఒకటి ఏర్పాటై సమ్మతి చెప్పింది.

ఇక్కడ నా పిల్లలు ఇబ్బంది పడతారు. రాష్ట్రాలకు బలం ఉండాలని వాదించేది మనమే. మనకు రాష్ట్రం వచ్చింది మాత్రం రాష్ట్రాలను బలహీనంగా ఉంచిన అధికరణతోనే. ఈ ముడి విప్పమని నేను వాళ్లను అడగను, వ్యాసంలో దాచిపెట్టొద్దని మాత్రం చెబుతాను.

జిల్లాలు కూడా పార్లమెంటే చేస్తుందా?

లేదు, అది రాష్ట్రం చేతిలో పని. 2016 అక్టోబర్‌లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేటలతో 33. 2021లో వరంగల్ అర్బన్ హన్మకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. కొత్త పేరుతో బోర్డులు మార్చుకున్న షాపుల వాళ్లను అడిగితే మిగతాది వాళ్లే చెబుతారు.

ఏటూరునాగారం వైపు వేరే చట్టం నడుస్తుందంటారు, నిజమేనా?

వేరే చట్టం అనేకంటే, ఉన్న చట్టానికి వేరే తలుపు అనాలి. ఐదో షెడ్యూలు కింద ఉన్న ప్రాంతాల్లో ఏ చట్టం వర్తించాలి, ఎంత మార్పుతో వర్తించాలి అన్నది నోటిఫికేషన్‌తో చెప్పే అధికారం గవర్నర్‌కు ఉంది. భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా నిబంధనలూ చేయవచ్చు. 1959లో వచ్చి 1970లో గట్టిపడిన భూ బదలాయింపు నిబంధన అలాంటిదే, మనవాళ్లు వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధన పట్టుకునే, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వకూడదంది. ఆ కేసు పుట్టింది విశాఖ ఏజెన్సీలో.

ఆ తలుపుకు హద్దు కూడా ఉంది. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు శాతం స్థానిక గిరిజనులకే అంటూ 2000 జనవరిలో ఇచ్చిన 3వ నంబర్ జీఓను 2020 ఏప్రిల్‌లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. గవర్నర్ అధికారం ఎంతదైనా సమానత్వ హక్కును దాటలేదని. గూడెంలో ఐదో తరగతి దాకా కోయ భాష అర్థమయ్యే టీచర్ ఉండడం ఎంత తేడానో చూసినవాడిగా ఆ తీర్పు నాకు మింగుడుపడలేదు. న్యాయ తర్కం మాత్రం క్లాసులో రెండువైపులా చెబుతాను.

శాసనమండలి అవసరమా?

ఒక్క ఓటరుగా చెప్పాలంటే, 2021లో వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల సీటుకు 71 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పేపర్ విప్పితే బల్ల సరిపోలేదు. అంకెలు వేసి ప్రాధాన్యం చెప్పాలి, లెక్కింపు రోజుల తరబడి సాగింది.

సబ్జెక్టు పరంగా చూస్తే, రెండో సభ ఉంచాలా తీసేయాలా అన్నది 169వ అధికరణ రాష్ట్రానికి ఇచ్చిన అరుదైన చొరవ. శాసనసభ తీర్మానం చేయాలి, పార్లమెంటు చట్టం చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1958లో మండలి వచ్చింది, 1985లో పోయింది, 2007లో మళ్లీ వచ్చింది. తెలంగాణ మండలిలో 40 మంది, రాజ్యాంగం అనుమతించే కనీస సంఖ్య అది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ 1922లో పై సభ తీసేసి మళ్లీ ఆ ఊసెత్తలేదు. అమెరికాలో నెబ్రాస్కా 1937 నుంచి ఒకే సభతో నడుస్తోంది.

సింగరేణి ఎవరిది, రాష్ట్రానిదా కేంద్రానిదా?

వాటా 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. గనుల నియంత్రణ మాత్రం కేంద్ర జాబితా 54వ అంశం కింద పార్లమెంటు చట్టంతో నడుస్తుంది. బ్లాకుల వేలం గొడవ వచ్చినప్పుడల్లా గోదావరిఖనిలో జెండాలు లేచేది అందుకే. 2024 జులైలో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 8-1తో, రాయల్టీ పన్ను కాదు, ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలదే అని చెప్పింది. ఉత్తర తెలంగాణ మీద రాసే ఏ విద్యార్థికైనా ఇది పని కొచ్చే తీర్పు.

గవర్నర్ బిల్లును ఎన్నాళ్లు పెట్టుకోవచ్చు?

మళ్లీ పదాల దగ్గరికే. 200వ అధికరణలో 'సాధ్యమైనంత త్వరగా' అని ఉంది. మన రాష్ట్రమే కోర్టుకు వెళ్తే 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఆ మాటకు రాజ్యాంగపరంగా బరువుందని గుర్తుచేసింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో ఇద్దరు జడ్జీలు గడువులు పెట్టారు. అదే ఏడాది నవంబర్‌లో ఐదుగురు జడ్జీలు, కోర్టులు గడువులు పెట్టలేవు, గవర్నర్ కూడా అంతులేకుండా కూర్చోలేరు అన్నారు.

పంచాయతీలు ఈ సబ్జెక్టులోకి వస్తాయా?

వస్తాయి. 73, 74 రాజ్యాంగ సవరణలు పీవీ నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు 1992లో పార్లమెంటు దాటాయి. నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టిన మనిషి ఆయన. 73వది 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. ఎన్నికలు జరపడం తప్పనిసరి చేశారు. అధికారాలు, నిధుల దగ్గరికి వచ్చేసరికి 243-జిలో రాష్ట్ర శాసనసభ 'ఇవ్వవచ్చు' అని ఉంది. ఢిల్లీ ముందు చేతులు కట్టుకున్నామని బాధపడే రాష్ట్రాలు సర్పంచుల ముందు ఎలా ఉంటాయో చూడాలంటే ఆ ఒక్క పదం చాలు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో మహబూబాబాద్ వైపు తండాలు పంచాయతీలయ్యాయి, అది నిజంగా పెద్ద మార్పు. బిల్లుల కోసం సర్పంచులు తిరగడం మాత్రం మారలేదు.

కేంద్రం అనొచ్చా, యూనియన్ అనాలా?

రాజ్యాంగం మొదటి అధికరణలో ఉన్నది రాష్ట్రాల యూనియన్ అనే. మాట్లాడేటప్పుడు నేనూ కేంద్రం అనే అంటాను. థీసిస్‌లో మాత్రం ఎక్కడ ఏది వాడుతున్నారో తెలిసి వాడండి.

మన ప్రాంతం వాళ్లెవరైనా దీన్ని చదివారా? చదివితే ఉద్యోగం వస్తుందా?

మన రాష్ట్రాల రాజకీయాల మీద పరిశోధన 1960లలో ఊపందుకుంది. మైరన్ వీనర్ సంపాదకత్వంలో 1968లో వచ్చిన సంకలనం అప్పట్లో దారి చూపింది. మనవైపు నుంచి జి. రామ్‌రెడ్డి గారు, కరీంనగర్ జిల్లాలో పుట్టి పంచాయతీరాజ్ మీద పనిచేసిన రాజనీతి శాస్త్రవేత్త. 1982లో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, 1985లో ఇగ్నోకు మొదటి వీసీ ఆయనే. ఉద్యోగం సంగతి అంటే, గ్రూప్-1 మెయిన్స్‌లో రాష్ట్ర ఏర్పాటు మీద ఒక పేపరే ఉంది. హైకోర్టులో సర్వీసు కేసులు వాదించే లాయర్లకు 371-డి తెలిస్తే తీరిక ఉండదు.

పీహెచ్‌డీకి ఒక టాపిక్ చెప్పండి సార్.

ములుగు జిల్లా మంగపేట మండలం తీసుకోండి. అక్కడి 23 ఊళ్లు షెడ్యూల్డ్ ప్రాంతమా కాదా అని ఏళ్ల తరబడి కొట్లాట నడిచింది. 2023 జులైలో హైకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతమే అంది. మొదటి పని 1950 నాటి ఉత్తర్వు అసలు ప్రతి చూడటం. అందులో ఊళ్ల పేర్లు అప్పటి తాలూకాల కింద, ఉర్దూ రికార్డుల నుంచి ఇంగ్లిషులోకి మారిన స్పెల్లింగులతో ఉంటాయి. రెండోది తహసీల్దార్ ఆఫీసులో ఇప్పటి రెవెన్యూ గ్రామాల పట్టిక తీసుకుని పక్కన పెట్టుకోవడం. పేర్లు కలవనిచోట ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని ఊరికి వెళ్లండి. పాత పేరు ఏ చెరువుదో, ఏ గుట్టదో వాళ్లకే తెలుస్తుంది. ఎండాకాలం పెట్టుకోకండి, మేడారం జాతర నెల అసలే వద్దు, ఆఫీసులో ఎవరూ దొరకరు.